హై ఫ్యాషన్ డిజైనర్ కావాలంటే: పెద్ద హౌస్‌లో ఉద్యోగమా, అటెలియే పనా, సొంత లేబులా?

స్త్రీల దుస్తుల్లో హై ఫ్యాషన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా తమకు ప్రతిభ ఉందా లేదా అని తలబద్దలు కొట్టుకుంటారు. అది తేలడానికి ఎలాగూ ఏళ్లు పడుతుంది. ఈలోగా తేల్చుకోవలసిన లెక్క ఇంకొకటుంది: నేర్చుకునే రోజుల్లో మీరు చేసే తప్పులకు డబ్బు ఎవరు కడతారు? ఈ పనిలో తప్పు చేయకుండా ఎవరూ ఎదగరు. భుజం కుదరని జాకెట్లు, ఒక పక్క సాగి వేలాడే గౌన్లు, ఎవరూ ఆర్డరివ్వని రంగులో తెప్పించిన పట్టు తానులు అందరి ఖాతాలోనూ ఉంటాయి. పెద్ద హౌస్‌లో, అంటే పేరున్న ఫ్యాషన్ కంపెనీలో, ఆ ఖర్చు యాజమాన్యం భరిస్తుంది. అటెలియేలో, అంటే బట్టలు కుట్టే వర్క్‌షాప్‌లో, చౌకరకం కోరా గుడ్డ మీదే తప్పు బయటపడుతుంది. సొంత లేబుల్లో మీ జేబు భరిస్తుంది, అదీ ఏడాది తర్వాత, వడ్డీతో. ఈ మూడింటినీ ఆ కళ్లతో చూస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

పోలికకు ముందు ఒక మాట సర్దుకోవాలి. ఓట్ కూట్యూర్, హై ఫ్యాషన్ ఒకటే అనుకుని దరఖాస్తులు పెట్టేవాళ్లు చాలామంది. ఫ్రాన్స్‌లో ఓట్ కూట్యూర్ అన్నది 1945 నుంచి చట్టం కాపాడే పేరు. పారిస్‌లో సొంత వర్క్‌షాప్, అందులో కనీసం 15 మంది పూర్తికాల సిబ్బంది, జనవరిలోనూ జూలైలోనూ కొత్త కలెక్షన్, ఒక్కో గిరాకీ ఒంటికి కొలిచి కుట్టడం, ఇలాంటి షరతులు నెరవేర్చి అనుమతి పొందిన కొద్ది హౌస్‌లకే అది చెల్లుతుంది. మిగతా పెద్ద పేర్లలో చాలావరకు బతికేది లగ్జరీ రెడీ టు వేర్ (ముందే సైజుల్లో కుట్టి అమ్మే దుస్తులు) మీద, దానికి మించి బ్యాగులూ పెర్ఫ్యూముల మీద. అంటే డిజైనర్ ఉద్యోగాల్లో అత్యధిక భాగం రెడీ టు వేర్‌లోనే ఉన్నాయి. కూట్యూర్ కల ఉన్నవాళ్లు స్టూడియోలో బొమ్మలు గీసే కుర్చీ కంటే అటెలియేలో సూది పట్టే కుర్చీకి గురిపెడితే దారి దగ్గరవుతుంది.

హౌస్‌లో డిజైన్ టీమ్

పైన క్రియేటివ్ డైరెక్టర్, ఆ కింద హెడ్ ఆఫ్ డిజైన్, సీనియర్ డిజైనర్లు, డిజైనర్లు, జూనియర్లు, అసిస్టెంట్లు, ఇంటర్న్‌లు. పని అడ్డంగా కూడా చీలి ఉంటుంది. కోట్లు, జాకెట్లు చూసే టైలరింగ్ వాళ్లు వేరు, జారుడు బట్టలతో గౌన్లూ బ్లౌజులూ చేసే వాళ్లు వేరు. నిట్‌వేర్ (అల్లిక దుస్తులు), లెదర్, ఎంబ్రాయిడరీ, ప్రింట్ అన్నీ విడివిడి బల్లలు. "నేను అన్నీ చేస్తాను" అన్న దరఖాస్తు ఇక్కడ నడవదు. నిట్‌వేర్ తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి అందులో పోటీ కాస్త నయం. గేజ్ (అల్లిక ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత), నూలు నంబరు, ఆకారంలోనే అల్లే ఫుల్లీ ఫ్యాషన్డ్‌కూ అల్లిన గుడ్డను కత్తిరించి కుట్టే కట్ అండ్ సోకూ తేడా తెలిసిన కొత్తవాళ్లకు పిలుపు త్వరగా వస్తుంది.

జూనియర్ రోజు ఎలా గడుస్తుందో తెలుసుకుంటే సగం భ్రమలు పోతాయి. పొద్దున పాత బట్టల దుకాణాల నుంచీ ఆర్కైవ్ నుంచీ తెచ్చిన నమూనాల ఫొటోలు తీయడం, మధ్యాహ్నం ఒకే కాలర్‌కు నలభై రకాలు గీయడం, సాయంత్రం ఫిట్టింగ్‌లో గుండుసూదుల డబ్బా పట్టుకుని ప్రతి మార్పూ రాసుకోవడం. ఆ తర్వాత టెక్ ప్యాక్, అంటే ఫ్యాక్టరీకి పంపే సూచనల పత్రం. అందులో ముందు వెనుక ఫ్లాట్ డ్రాయింగులు, కొలతల పట్టిక, ఒక్కో కొలతకూ ఎంత తేడా ఒప్పుకుంటామో (ఛాతీ దగ్గర సెంటీమీటరు, మెడ దగ్గర అర సెంటీమీటరు వరకు మామూలు), బట్ట, లైనింగ్, గుండీలు, జిప్పు, లేబుల్ అన్నీ ఉండాలి. జిప్ పొడవు ఒక్కటి రాయడం మరిచిపోతే ఫ్యాక్టరీ తనకు తోచిన పొడవు వేస్తుంది. గౌను తుంటి దాటక ఫిట్టింగ్ మోడల్ నిలబడిపోతుంది. తప్పు మీదే, ఖర్చు హౌస్‌ది. నెల జీతం మాత్రం వస్తుంది.

ఈ దారిలో పేరు రాదు. కొందరికి చాలా ఆలస్యంగా వస్తుంది. సారా బర్టన్ 1996లో విద్యార్థిగా బ్రిటిష్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ దగ్గర చేరి, ఆయన మరణించాక 2010లో హౌస్ పగ్గాలు అందుకుంది. అలెస్సాండ్రో మికేలె ఇటలీ హౌస్ గూచీలో చేరింది 2002లో, ప్రపంచానికి తెలిసింది 2015లో. పదమూడు, పద్నాలుగేళ్లు తెర వెనుక పని చేయడానికి మనసు ఒప్పుకోనివాళ్లు ఇక్కడ ఇమడలేరు.

ఇంకో ఇబ్బంది పోర్ట్‌ఫోలియోతో. ఒప్పందం ప్రకారం విడుదల కాని డిజైన్లు బయట చూపించకూడదు. మూడేళ్లు పనిచేసి బయటికొచ్చేసరికి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అందుకే మొదటి రోజు నుంచే సొంతంగా, ఇంట్లో, ఆరు నెలలకు ఒక చిన్న ప్రాజెక్టు చేస్తూ పోవాలి. అయితే కొన్ని ఒప్పందాల్లో ఉద్యోగకాలంలో మీరు గీసినదంతా, ఇంట్లో గీసినదైనా, సంస్థదేనన్న వాక్యం ఉంటుంది. సంతకానికి ముందు దాన్ని మార్పించుకోండి. పైన డైరెక్టర్ మారితే కింద టీమ్ కూడా కదిలిపోవడం ఈ రంగంలో వింతేమీ కాదు. కాబట్టి ఉద్యోగం ఉన్నప్పుడే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలి.

అటెలియే: సూది, కత్తెర, ట్వాల్

డిజైనర్ కావాలనుకునేవాళ్లు ఈ దారిని చిన్నచూపు చూస్తారు. మా లెక్కలో మూడింటిలో గట్టి పునాది ఇదే. కూట్యూర్ హౌస్‌లలో అటెలియేలు రెండు రకాలు: కోట్లు కుట్టే తాయర్, జారుడు బట్టల ఫ్లూ. ఒక్కోదానికీ ప్రెమియేర్ అనే పెద్ద ఉంటారు. డిజైనర్ గీత చూసి దాన్ని కోరా గుడ్డతో ట్వాల్‌గా, అంటే కుట్టి చూసే నమూనాగా, మలిచేది వీళ్లే. ఆ గీతలో ఉన్నది నిజంగా నిలబడుతుందో లేదో తేలేది ఈ బల్ల మీదే.

పట్టీలు లేని గౌను సంగతే తీసుకోండి. అది జారకుండా ఆపేది బోన్సే (లోపల నిలువుగా కుట్టే సన్నని గట్టి పుల్లలు) అనుకుని, కొత్తవాళ్లు బోన్స్ పెంచుకుంటూ పోతారు. ఎనిమిది చాలకపోతే పన్నెండు, అదీ చాలకపోతే పదహారు. అయినా గౌను జారుతుంది. బోన్స్ చేసేది బట్ట ముడతపడి కుంగకుండా చూడడం వరకే. బరువంతా మోసేది లోపల నడుం దగ్గర ఉండే పట్టీ. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న గ్రోగ్రెయిన్ (అడ్డగీతల గట్టి నేత) రిబ్బన్‌ను నడుం కొలత కంటే ఓ రెండు సెంటీమీటర్లు తక్కువగా కత్తిరించి, లోపల ఒంటికి బిగుతుగా పట్టే కార్స్‌లెట్ పొర నిలువు కుట్ల దగ్గర మాత్రమే పట్టేలా కుట్టి, దానికి విడిగా హుక్కులు పెడతారు. వేసుకునేటప్పుడు ముందు ఆ హుక్కులు, తర్వాతే జిప్పు. స్కర్టు బరువంతా అప్పుడు నడుం మీద కూర్చుంటుంది, పైభాగం తేలికపడుతుంది. ఆ పట్టీని అసలు నడుం కంటే సెంటీమీటరున్నర పైన వేశారో, అది తన చోటు వెతుక్కుంటూ కిందికి దిగుతుంది, దాంతో గౌనూ దిగుతుంది. బోన్స్ కూడా పై కుట్టుకు ముప్పావు సెంటీమీటరు కిందే ఆగాలి. ఆనేలా పెడితే నాలుగుసార్లు వేసుకునేసరికి మొన బట్టను పొడుచుకుని బయటికి వస్తుంది. ఇక పై అంచు. నిలబడి ఉన్నప్పుడు ఒంటికి అతుక్కుని, కూర్చోగానే ముందుకు తెరుచుకుంటే, ట్వాల్ మీదే ప్రిన్సెస్ కుట్ల (ఛాతీ మీదుగా కిందికి దిగే నిలువు కుట్లు) దగ్గర మొత్తం ఒక సెంటీమీటరు తగ్గించి, అంచు వెంట సాగని టేపు వేయాలి. అందుకే ఫిట్టింగ్‌లో మనిషిని కూర్చోబెట్టి, చేతులెత్తించి, వంగమని చూడడం. నిలబెట్టి మాత్రమే చూసిన గౌను పెళ్లి పందిట్లోనో వేదిక మీదో పరువు తీస్తుంది.

ఇలాంటివి స్టూడియోలో బొమ్మలు గీస్తే పదేళ్లకైనా తెలియవు. అటెలియేలో రెండేళ్లలో చేతికి వస్తాయి. ఫ్రెంచి డిజైనర్ మాడెలీన్ వియొన్నే సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే. చిన్నప్పుడే కుట్టుపనిలో చేరి, 1912లో సొంత హౌస్ తెరిచి, కాగితం మీద గీయడం కంటే సగం సైజు చెక్కబొమ్మ మీద గుడ్డ చుట్టి చూస్తూ బట్టను ఐమూలగా వాడే పద్ధతికి ప్రాణం పోసింది. మెక్వీన్ కూడా కాలేజీకి ముందు లండన్‌లో దర్జీల వీధి సావిల్ రోకు చెందిన ఆండర్సన్ అండ్ షెపర్డ్ కుట్టు దుకాణంలో పదహారేళ్ల వయసులో కోట్లు కుట్టడం నేర్చుకున్నవాడే. తర్వాత ఆయన ఆకారాలను ఎంతగా వంచినా భుజం కూర్చునే చోట తప్పలేదంటే ఆ బల్ల పుణ్యమే.

లోటుపాట్లు లేవని కాదు. జీతం మెల్లగా పెరుగుతుంది, వీపు, కళ్లు దెబ్బతింటాయి, షోకు ముందు వారం రాత్రింబవళ్లు తేడా ఉండదు. అసలు చిక్కు ఇంకొకటి: బల్ల నుంచి డిజైన్ కుర్చీకి మారడం కష్టం. "కుట్టేవాళ్లు" అన్న ముద్ర పడిపోతుంది. మారే ఉద్దేశం ఉంటే మూడో ఏడు దాటకముందే సొంత డిజైన్ల పోర్ట్‌ఫోలియోతో కదలండి. మారకుండా ప్యాటర్న్ కట్టర్‌గా, అంటే డిజైన్‌ను కత్తిరింపు నమూనాలుగా మార్చే మనిషిగా, స్థిరపడినా నష్టమేమీ లేదు. మంచి ప్యాటర్న్ కట్టర్ దొరకడం మంచి స్కెచ్ ఆర్టిస్ట్ దొరకడం కంటే కష్టం, డైరెక్టర్ మారినా వీళ్ల కుర్చీ అంత త్వరగా కదలదు.

సొంత లేబుల్

లేబుల్‌కు పేరు ఏ అక్షరాలతో వేయాలన్న దాని గురించి నెలలు ఆలోచించి, నగదు ఎప్పుడు బయటికి పోయి ఎప్పుడు తిరిగి వస్తుందో ఒక్క పూట కూడా లెక్కవేయనివాళ్లు ఎక్కువ. ఒక వసంత–వేసవి కలెక్షన్ పంచాంగం చూడండి. బట్ట ఎంపిక అంతకు ముందు ఏడు ఫిబ్రవరి ప్రాంతంలో, ప్యారిస్‌లోని ప్రిమియేర్ విజియోఁ లాంటి బట్టల మేళాల్లో. మార్చి నుంచి మే వరకు ట్వాళ్లు. జూన్ నుంచి ఆగస్టు దాకా శాంపిళ్లు. సెప్టెంబరు, అక్టోబరుల్లో షో, షోరూమ్, ఆర్డర్లు. వెంటనే బట్ట తెప్పించాలి. నవంబరు నుంచి జనవరి దాకా కుట్టడం, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో దుకాణాలకు సరుకు. దుకాణం డబ్బు కట్టేది సరుకు అందాక ముప్పై నుంచి అరవై రోజులకు. అంటే మొదటి రూపాయి ఖర్చయిన పదమూడు, పద్నాలుగు నెలలకు గానీ మొదటి రూపాయి రాదు. ఆ లోపు చలికాలం కలెక్షన్ షో కూడా అయిపోయి ఉంటుంది, దాని తర్వాతి వేసవికి బట్ట కూడా ఎంచి ఉంటారు. ఒకదాని రాబడి చూడకుండా మూడింటికి పెట్టుబడి పెట్టాలన్నమాట. బోలెడు ఆర్డర్లు వచ్చిన లేబుళ్లు కూడా మూతపడేది ఇక్కడే. పెద్ద ఆర్డరంటే ముందుగా కొనాల్సిన పెద్ద బట్ట బిల్లు.

దీనికి మందు బేరం కుదిరేటప్పుడే వేయాలి. ఆర్డర్ మీద కనీసం 30 శాతం ముందస్తు అడగండి. అందులో బట్ట ఖర్చు చాలావరకు తీరాలి. కొత్త దుకాణమైతే మిగతా మొత్తం సరుకు బయల్దేరే ముందే రావాలి. అమ్ముడుపోతేనే డబ్బిస్తామనే దుకాణాలకు మొదటి రెండు సీజన్లు దూరంగా ఉండడం మేలు. సరుకు వాళ్ల గోదాములో మాసిపోయి, సీజన్ దాటాక తిరిగొస్తుంది.

ఇక బట్ట లెక్క. మిల్లు ఒక రంగులో కనీసం 50 మీటర్లు తీసుకోవాలంది అనుకుందాం. మీ గౌనుకు 3.2 మీటర్లు పడుతుంది. అంటే పదిహేను గౌన్ల బట్ట. ఆర్డర్లు తొమ్మిదే వచ్చాయి. వాడకం 29 మీటర్ల లోపే, 21 మీటర్లు అలమరలో. తొమ్మిది గౌన్ల మీద వచ్చిన లాభాన్ని ఆ 21 మీటర్లు తినేస్తాయి. విరుగుడు గీసేటప్పుడే ఉంది: కలెక్షన్‌లో ఏ బట్టా ఒక్క డిజైన్‌కే పరిమితం కాకూడదు. గౌనుకు వాడిన పట్టు క్రేప్‌నే బ్లౌజుకూ, జాకెట్ లైనింగ్‌కూ వాడేలా చూసుకోండి. అప్పటికీ ఎనిమిది ఆర్డర్లు దాటని డిజైన్‌ను రద్దు చేయడానికి సిగ్గుపడొద్దు. కొద్ది మీటర్లు కూడా అమ్మే స్టాక్ సర్వీస్ మిల్లులూ ఉంటాయి. మీటరు ధర ఎక్కువే, కానీ ఆరంభంలో అదే లాభం.

ధర వేయడంలో చేసే పొరపాటు పాతదే. బట్టా కుట్టుకూలీ కలిపి ఖర్చు అనేసుకుంటారు. ప్యాటర్న్ చేయించిన డబ్బు, సైజులు పెంచే గ్రేడింగ్, రెండు ట్వాళ్లు, శాంపిల్ (ఒక్కటే కుడతారు కాబట్టి అసలు సరుకు కంటే రెండు మూడు రెట్లు పడుతుంది), రవాణా, పాడై పక్కన పెట్టేవి అన్నీ దాని మీద పడాలి. అలా లెక్కించిన ఖర్చు 100 అయితే దుకాణానికి 220 నుంచి 250కి ఇస్తారు. దుకాణం దాన్ని మళ్లీ రెండున్నర రెట్లు చేసి 550 నుంచి 625 దాకా అమ్ముతుంది. గౌను చూసి గిరాకీ అంత ఇవ్వదనిపిస్తే ధర కోసేకంటే గౌను మార్చాలి: ఒక లైనింగ్ పొర, నాలుగు గుండీలు, చేత్తో కుట్టే అంచు, వీటిలో ఎవరి కంటికీ ఆననిది ఏదో చూసి తీసేయండి.

పేరు గురించి ఒక హెచ్చరిక. సొంత పేరుతో లేబుల్ పెట్టి, పెట్టుబడి కోసం దాన్ని అమ్ముకున్నవాళ్లు పేరునే పోగొట్టుకున్నారు. అమెరికన్ డిజైనర్ హాల్‌స్టన్ 1973లో తన కంపెనీని నార్టన్ సైమన్ అనే సంస్థకు అమ్మాడు. 1980ల నాటికి సొంత పేరుతో బట్టలు డిజైన్ చేసే హక్కు ఆయనకే లేకుండా పోయింది. జర్మన్ డిజైనర్ జిల్ సాండర్ 1999లో ఇటలీ హౌస్ ప్రాడాకు మెజారిటీ వాటా ఇచ్చి, కొద్ది నెలల్లోనే, 2000లో, తన పేరున్న హౌస్ నుంచి బయటికి నడిచింది. పేరు అక్కడే ఉండిపోయింది. ట్రేడ్‌మార్క్‌ను కంపెనీకి రాసివ్వకుండా మీ దగ్గరే ఉంచుకుని లైసెన్స్‌కు ఇవ్వడం, లేదా మొదట్లోనే ఇంటిపేరు కాని వేరే పేరు పెట్టుకోవడం మంచిది. పెట్టుబడిదారు వచ్చాక ఇది మాట్లాడదామనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇదంతా చదివి సొంత లేబుల్ వద్దనిపిస్తే, ఇంకో రూపం ఉంది. దుకాణాల జోలికి పోకుండా గిరాకీ ఒంటికే కొలిచి కుట్టడం. సగం ముందస్తు తీసుకుంటారు, బట్ట గిరాకీ డబ్బుతోనే వస్తుంది, మిగులు స్టాకు ఉండదు. ఒక ట్వాల్, రెండు ఫిట్టింగులు ధరలోనే అని, మూడో ఫిట్టింగ్‌కు విడిగా అని ముందే కాగితం మీద రాయాలి. లేకపోతే బరువు తగ్గిన ప్రతి గిరాకీతో ఐదు ఫిట్టింగులు అవుతాయి. ఈ పద్ధతిలో ఎదుగుదలకు హద్దు మీ చేతులే. నెలకు నాలుగైదు పెద్ద గౌన్లకు మించి ఇద్దరు మనుషులు చేయలేరు.

ఫ్రీలాన్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పదేళ్ల అనుభవం, ఫోన్ చేస్తే పలికే పాత సహోద్యోగులు ఉన్నవాళ్లకు అది బాగానే నడుస్తుంది. కొత్తవాళ్లకు అది నిరుద్యోగానికి మర్యాదైన పేరు.

కాలేజీ అవసరమా?

సెంట్రల్ సెయింట్ మార్టిన్స్, ఆంట్వర్ప్ రాయల్ అకాడమీ, ప్యారిస్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫ్రాన్సే ద లా మోడ్ లాంటి చోట్ల చదివితే హౌస్‌ల తలుపు తట్టడం సులువవుతుంది. ఇంటర్న్‌షిప్‌లు కాలేజీ ద్వారానే వస్తాయి, గ్రాడ్యుయేషన్ షోకు రిక్రూటర్లు వస్తారు. హౌస్ ఉద్యోగం మీ గురి అయితే కాలేజీ దాదాపు తప్పనిసరి. అటెలియేకు అక్కర్లేదు, కుట్టు ధ్రువపత్రం, చేతిలో నమూనాలు చాలు. సొంత లేబుల్‌కు ఎవరూ పట్టా అడగరు. జపాన్ డిజైనర్ రేయి కవకుబో ఫ్యాషన్ చదవలేదు. మియుచ్చా ప్రాడా చదివింది రాజనీతిశాస్త్రం. కానీ వాళ్లను ఆదర్శంగా చెప్పుకునేవాళ్లు ఒకటి మరచిపోతారు: కవకుబో ముందు బట్టల కంపెనీలోనూ స్టైలిస్ట్‌గానూ పనిచేసింది, ప్రాడాకు కుటుంబ వ్యాపారం సిద్ధంగా ఉంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుల కంటే రెండు ప్రశ్నలు అడగండి. ప్యాటర్న్ కటింగ్ వారానికి ఎన్ని గంటలు? ఆఖరి కలెక్షన్ బట్ట ఖర్చు ఎవరిది? రెండోదానికి జవాబు దాదాపు ప్రతిచోటా "విద్యార్థిదే". ఫీజుతో పాటు ఆ మొత్తం ముందే తీసిపెట్టుకోకపోతే ఆఖరి ఏడాదిలో అప్పుల పాలవుతారు.

మాకైతే ఏది నచ్చుతుందంటే

వయసు ఇరవైల్లో ఉండి ఇంటి నుంచి పెద్ద ఆసరా లేనివాళ్లు రెండేళ్లు అటెలియేలో లేదా ప్యాటర్న్ రూమ్‌లో, తర్వాత మూడు నుంచి ఐదేళ్లు హౌస్‌లో, ఆపైనే సొంత లేబుల్. బెల్జియన్ డిజైనర్ మార్టిన్ మార్జేలా 1987 దాకా ఫ్రెంచి డిజైనర్ జాన్ పాల్ గొతియే దగ్గర పనిచేసి, 1988లో సొంత హౌస్ మొదలుపెట్టాడు. ఆ వరుస ఇప్పటికీ పాతబడలేదు. ఇప్పటికే గిరాకీలున్న కుట్టుపనివాళ్లు మాత్రం హౌస్ ఉద్యోగం కోసం ఆ గిరాకీలను వదులుకోవద్దు. కొలిచి కుట్టే పద్ధతిలోనే ధర, పనితనం రెండూ పెంచుకుంటూ పోవడం మంచిది.

ఎటూ తేల్చుకోలేకపోతే ఒక పరీక్ష పెట్టుకోండి. మోకాళ్ల కింది దాకా వచ్చే ఐమూల స్కర్టు ఒక్కటి, మూడు బట్టల్లో: నూలు, విస్కోస్ క్రేప్, పట్టు శాటిన్. బట్టను సరిగ్గా 45 డిగ్రీల్లో వేసి, పక్క కుట్లకు మామూలు సెంటీమీటరున్నరకు బదులు మూడు సెంటీమీటర్లు వదలండి, ఎందుకంటే ఐమూల బట్ట పొడవు సాగేకొద్దీ వెడల్పు తగ్గుతుంది. నడుం పట్టీకి తగిలించి రెండు రోజులు వేలాడదీశాక, నేల నుంచి ఎత్తు కొలిచి అంచు సరిచేయండి. మూడు స్కర్టులూ మూడు రకాలుగా సాగి ఉంటాయి, ఒకదానిలోనే ఎడమ పక్క కుడి పక్క కంటే రెండు సెంటీమీటర్లు దిగి ఉండొచ్చు. అది ఎందుకు దిగిందో పట్టుకునేదాకా నిద్రపట్టకపోతే అటెలియేకు వెళ్లండి. ఈ మూడింటి నుంచి ఇంకో పన్నెండు ఆకారాలు తోచి గీస్తూ కూర్చుంటే హౌస్‌కు పోర్ట్‌ఫోలియో సిద్ధం చేయండి, ఆ స్కర్టుల ట్వాల్ ఫొటోలతో సహా. విస్కోస్ దానికి ఎంత ఖర్చయింది, పట్టుదాన్ని ఎవరు ఎంతకు కొంటారు అన్న లెక్క మూడో స్కర్టు కుట్టకముందే కాగితం మీద వేసి ఉంటే, సొంత లేబుల్‌కు కావలసిన బుర్ర మీకుంది. అప్పుడు కూడా ముందు పద్నాలుగు నెలల నగదు ఎక్కడి నుంచి వస్తుందో అదే కాగితం కింద రాసి చూడండి.